లిమా అంటే అయిదా, ఆకురాయా?

1521 ఏప్రిల్‌లో పోర్చుగీసు నావికుడు మాజెలన్ ఓడలు ఇప్పటి ఫిలిప్పీన్స్‌లోని సెబు దీవి దగ్గర లంగరు వేశాయి. వాళ్లతో వచ్చినవాళ్లలో ఆంటోనియో పిగాఫెట్టా అనే ఇటలీవాడు ఒకడు. ఊరు విచెంజా. కంటపడిందల్లా రాసుకునే మనిషి. ఒంటి భాగాల్ని ఏమంటారు, తిండిని ఏమంటారు, ఒకటి నుంచి పది దాకా ఎలా లెక్కపెడతారు అని ఆ దీవి జనాన్ని అడిగి పెద్ద పదాల పట్టికే తయారు చేశాడు. అందులో రెండుకి ‘దువా’ అనీ, అయిదుకి ‘లిమా’ అనీ ఉంటుంది.

విచిత్రమేమిటంటే, అతని సొంత ఇటాలియన్‌లో రెండుకి మాట ‘దూఎ’. ‘లిమా’ కూడా ఉంది, కానీ అక్కడ దానర్థం ఆకురాయి. ఇనుముని, చెక్కని రాకి నునుపు చేసే పనిముట్టు. చిన్నప్పటినుంచి ఆకురాయికి వాడిన మాట, భూగోళం అవతలి వైపు వేళ్లు లెక్కపెట్టే మనిషి నోట వినబడితే ఎలా ఉండి ఉంటుందో!

ఆకురాయి లిమా లాటిన్ నుంచి వచ్చింది. లాటిన్‌లో మొదటి అక్షరం దీర్ఘం, లీమా. కమ్మరి కొట్టులో ఉండాల్సిన ఈ మాటని రోమన్లు కవుల దగ్గరికీ తీసుకెళ్లారు. క్రీస్తుపూర్వం మొదటి శతాబ్దపు కవి హోరేస్ కవిత్వం గురించి రాస్తూ, మన కవులకి ‘లీమా పని’ అంటే విసుగు, ఆకురాయి పట్టి కూర్చునే ఓపిక లేదు అని దెప్పిపొడిచాడు. మనం రచనని చిత్రిక పడతాం, సాన పెడతాం. మనది వడ్రంగి సామాను, వాళ్లది ఆకురాయి, బాధ మాత్రం ఒకటే. స్పానిష్‌లో, ఇటాలియన్‌లో ఆకురాయి నేటికీ లిమాయే.

అయిదు అనే లిమా ఇండోనేషియాలోనూ ఉంది, దాని కథ నాకు ఇంకా ఇష్టం. ఆ భాషలో ఇప్పుడది అచ్చంగా అయిదే. పదిహేను ‘లిమా బెలాస్’, యాభై ‘లిమా పులుహ్’. చేతికి వేరే మాట ఉంది, ‘తాంగాన్’. కానీ పక్కనే ఉన్న బాలి దీవి భాషలో లిమా అంటే అయిదూ, చెయ్యీ కూడా. ఎక్కడో పసిఫిక్ మధ్యలో ఉన్న సమోవాలోనూ అంతే. అంటే అయిదు పుట్టింది అరచేతిలో. జానెడు, మూరెడు, పిడికెడు అని ఒంటితోనే కొలుచుకునే మనకి ఇది కొత్తగా అనిపించదు.

ఈ భాషలన్నీ ఆస్ట్రోనేషియన్ కుటుంబానివి. తైవాన్ నుంచి కొన్ని వేల ఏళ్ల క్రితం పడవల్లో బయలుదేరిన జనంతో ఇవి ఆఫ్రికా పక్కనున్న మడగాస్కర్ దాకా, ఇటు ఈస్టర్ ఐలాండ్ దాకా పాకాయి. లెక్కపెడితే దాదాపు 1,200 భాషలు.

మరి రెండు లిమాలకీ చుట్టరికం ఉందా? లేదు. ల, ఇ, మ, అ అనేవి లోకంలో చాలా భాషల్లో ఉన్న ధ్వనులే. వాటితో రెండక్షరాల మాటలు కడుతూ పోతే ఎక్కడో ఒకచోట ఢీకొనక తప్పదు. ‘దువా’, లాటిన్ ‘దువో’ కూడా అలాగే ఢీకొన్నాయి. ఇక్కడ అర్థం కూడా కలిసిపోవడంతో చాలామంది బోల్తా పడతారు. సంస్కృతం ‘ద్వి’ని పక్కన పెట్టి, చూశారా అంతా ఒకటే అంటారు. లాటిన్‌కీ సంస్కృతానికీ చుట్టరికం నిజమే. ఇండోనేషియా దువా మాత్రం ఆ ఇంటిది కాదు, దాని పూర్వరూపాల జాడ తైవాన్ ఆదివాసీ భాషల్లో దొరుకుతుంది.

అసలైన చుట్టాలు ఒక్కోసారి ఒకే పోలికతో ఉండరు. మడగాస్కర్‌లో అయిదుకి ‘దిమి’ అంటారు. న్యూజిలాండ్ మావోరీలో ‘రిమా’. ఇవి లిమాకి సొంత తోబుట్టువులు. ఎలా చెప్పగలం? మార్పు ఒక పద్ధతిలో జరిగింది కాబట్టి. మడగాస్కర్ భాషలో ‘ఇ’ ముందున్న ‘ల’ ‘ద’ అవుతుంది. ఇండోనేషియాలో చర్మం ‘కులిత్’, అక్కడ ‘హుదిట్ర’. ఆకాశం ‘లంగిత్’ మాత్రం అక్కడ ‘లనిట్ర’, ఎందుకంటే ‘ల’ తర్వాత ‘ఇ’ లేదు. మావోరీలో అసలు ‘ల’ లేదు, ఆకాశం ‘రంగి’ అయిపోయింది. పోలిక చూసి కాదు, ఇలాంటి క్రమం చూసి భాషా శాస్త్రవేత్తలు బంధుత్వం తేలుస్తారు.

ఇక దొడ్డిదారి చుట్టరికం ఒకటుంది. ఇండోనేషియాలో పేరుకి ‘నామా’, లాటిన్‌లో ‘నోమెన్’. ఇది యాదృచ్ఛికం కాదు. నామా సంస్కృతం నుంచి అరువు తెచ్చుకున్న మాట, ఆ సంస్కృత పదమూ నోమెనూ ఒకే వేరు నుంచి వచ్చాయి. మన సంగతీ అదేగా. ‘పేరు’ మనది, ‘నామం’ తెచ్చుకున్నది. అంకెల్లోనూ ఇద్దరిదీ ఒకటే అలవాటు. బజారులో అయిదు, పెద్ద మాటల్లో పంచ. 1945 జూన్ 1న ఇండోనేషియా నాయకుడు సుకర్ణో కొత్త దేశానికి అయిదు సూత్రాలు ప్రతిపాదిస్తూ వాటిని ‘పంచశిల’ అన్నాడు, లిమా అనలేదు.

లిమా మాత్రం రోడ్డు మీదే ఉంది. ఇండోనేషియా వీధుల్లో తోపుడుబండి వ్యాపారుల్ని ‘కాకి లిమా’ అంటారు. కాకి అంటే కాలు. మన ‘అడుగు’ లాగే కొలత కూడా. బండికి రెండు చక్రాలు, ఒక ఊతకర్ర, తోసేవాడికి రెండు కాళ్లు, మొత్తం అయిదు అని జనం చెప్పుకుంటారు. ఇంకో వివరణ ప్రకారం కొట్ల ముందుండే అయిదడుగుల నడవా నుంచి వచ్చింది. 1822లో సింగపూర్‌కి ప్లాన్ వేయించిన బ్రిటిష్ అధికారి రాఫెల్స్ ప్రతి ఇంటి ముందూ కప్పున్న నడవా ఉండాలని పట్టుబట్టాడు. అక్కడ ఇప్పటికీ ఆ నడవాలనే కాకి లిమా అంటారు. నాకు రెండోదే నమ్మబుద్ధవుతుంది, కానీ కాళ్ల లెక్కలో ఉన్న సరదా దాన్లో లేదు.

పెరూ రాజధాని లిమా వీటిలో దేనికీ చెందదు. అది రీమాక్ అనే నది పేరు నుంచి వచ్చింది, అక్కడి కెచువా అనే భాషలో ‘మాట్లాడేది’ అని అర్థం. ఆ ఊరి పేరుతోనే ఇంగ్లీషులో లిమా బీన్స్ ఉన్నాయి. మన కూరగాయల కొట్లో అడిగితే మాత్రం దొరకవు. డబుల్ బీన్స్ అనండి, ఇస్తాడు.