రాళ్ల పాఠం గ్రూపులల్ల: ఈ ముచ్చట ఎక్కడ మొదలైంది

నల్లగొండ చుట్టుపక్కల గుట్టలు దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్, మన బోర్లల్ల ఫ్లోరైడ్ కూడా ఆ రాయిల ఉన్న ఖనిజాలు నీళ్లల్ల కరిగే వచ్చింది, కానీ జియాలజీ మొదటి పాఠం అంటే మాత్రం ఇప్పటికీ చాలా చోట్ల సారు నోట్స్ చెప్పుడు, పిల్లలు రాసుకునుడే. గ్రూపులు చేసి నేర్పాలె అంటే ఇదేదో కొత్త ఫ్యాషన్ అనుకుంటరు, కాదు.

1971ల అమెరికాల ఆస్టిన్ల తెల్ల, నల్ల పిల్లల్ని ఒకే స్కూళ్లల్ల కలిపితే గొడవలైనయి. అప్పుడు ఇలియట్ ఆరన్సన్ అనే సైకాలజీ ప్రొఫెసర్ జిగ్సా పద్ధతి తెచ్చిండు. పాఠం ముక్కలు చేసి తలా ఒకటి ఇస్తరు, ఒకరి ముక్క ఇంకొకరు చెప్తేనే తెలుస్తది, కాబట్టి అందరి మాట అందరూ వినాల్సిందే.

దాన్నే అమెరికాల రైస్ యూనివర్సిటీల డేల్ సాయర్ ప్లేట్ టెక్టానిక్స్ పాఠానికి, అంటే భూమి పైపొర పెద్ద పెద్ద పలకలుగా ఉండి కదులుతదనే పాఠానికి, వాడిండు. నాలుగు గ్రూపులు, నాలుగు ప్రపంచ మ్యాపులు: భూకంపాలు, అగ్నిపర్వతాలు, ఎత్తుపల్లాలు, సముద్రం అడుగు వయసు. దక్షిణ అమెరికా పడమటి అంచు చూడుండ్రి, భూకంపాల గ్రూపుకు తీరం నుంచి లోపలికి పోయినకొద్దీ లోతు పెరుగుడు కనిపిస్తది, ఎత్తుపల్లాల గ్రూపుకు తీరం పక్కన లోతైన కందకం, లోపల ఆండీస్ కొండలు కనిపిస్తయి, తర్వాత గ్రూపులు కలిపి ఒక్కో గ్రూపు నుంచి ఒక్కరిని కూసోబెడితే ఒక పలక ఇంకోదాని కిందికి దిగుతుందని పిల్లలే పట్టుకుంటరు, సారు చెప్పకముందే. నాకైతే ఇంతకంటే మంచి మొదటి పాఠం లేదనిపిస్తది.

మన దగ్గర ఇట్ల లెక్కలు ముందలేసుకొని కలిసి తేల్చుకునే పని రైతులు ఎప్పుడో చేసిన్రు. 2000ల దశకంల ఉమ్మడి ఏపీల 7 కరువు జిల్లాలల్ల ఎఫ్‌ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) సాయంతో భూగర్భజలాల ప్రాజెక్టు నడిచింది, మహబూబ్‌నగర్, నల్లగొండ అండ్లనే ఉన్నయి. రైతులే వాన కొలిచిన్రు, బోరుల నీటి మట్టం కొలిచిన్రు, ఊరి బోర్డు మీద రాసిన్రు, యాసంగి ముందల కూసొని ఎన్ని నీళ్లున్నయి, ఏ పంటకెన్ని పడతయి అని లెక్కేసుకున్నరు. చదువు రానోళ్లు కూడా.

మరి డిగ్రీ పిల్లలకు ఎందుకు కాదు? ఒక గ్రూపుకు రాయి రకం, ఒకదానికి బోరు లోతు, ఒకదానికి వాన, ఒకదానికి ఫ్లోరైడ్ ఇచ్చి, ఫ్లోరైడ్ తాగే నీళ్ల హద్దు, అంటే లీటరుకు 1.5 మిల్లీగ్రాములు, దాటిన ఊర్లు ఏవో మ్యాపు మీద పెట్టమనాలె. భూగర్భజల శాఖ నీటి మట్టాల లెక్కలు నెలనెలా పెడుతనే ఉంటది, అవి ప్రింట్ తీస్తే మొదలు పెట్టొచ్చు.