గోదావరి కంచంలో షుగరు లెక్క

కోనసీమలో పెళ్లి భోజనాల బంతిని కాసేపు గమనించండి. పూతరేకు వేయబోతే "వద్దండీ, షుగరు" అంటూ చెయ్యి అడ్డం పెట్టిన పెద్దాయనే పప్పులోకి ఒకసారి, పులుసులోకి ఒకసారి, పెరుగులోకి మరోసారి అన్నం వేయించుకుంటారు. మిఠాయి మానేశాను, ఇక భయం లేదని ఆయన మనస్ఫూర్తిగా నమ్ముతారు. మన డెల్టాలో షుగరు అదుపు తప్పడానికి ఈ నమ్మకమే పెద్ద కారణమని నా అభిప్రాయం.

అన్నంలోని పిండిపదార్థం గ్లూకోజు అణువుల గొలుసు. సుమారు 160 గ్రాములు తూగే కప్పు అన్నంలో 45 గ్రాముల దాకా పిండిపదార్థం ఉంటుంది. పేగుల్లో ఆ గొలుసు తెగాక రక్తంలోకి చేరేది గ్లూకోజే. నాలుకకి తీపి తగలదు గనక ఎవరూ లెక్కలో వేసుకోరు. పంచదార బదులు బెల్లం, బెల్లం బదులు తాటిబెల్లం వాడినా రక్తానికి పెద్ద తేడా తెలియదు.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. కాలవల వెంట నీరొచ్చింది, నీటి వెంట వరి వచ్చింది. తిన్న అన్నానికి తగ్గ చాకిరీ కూడా ఉండేది: ఆకుమడి, ఊడ్పులు, కోత, నూర్పు. ఇప్పుడు కోతకి మిషను వస్తోంది, గట్టు దాకా మోటారుసైకిలు వెళ్తోంది, చాలాచోట్ల చేలు రొయ్యల చెరువులయ్యాయి. కంచంలో అన్నం మాత్రం పాత కొలతే. గోదావరి జిల్లాల పల్లెల్లో చేసిన ఒక సర్వే 2006లో అచ్చయింది. 30 ఏళ్లు దాటినవాళ్లలో దాదాపు 13 శాతం మందికి మధుమేహం ఉన్నట్టు అందులో తేలింది. ఇది పట్నం వాళ్ల జబ్బు అనే మాట అప్పటికే చెల్లిపోయిందన్నమాట. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2023లో వెల్లడించిన అంచనా ప్రకారం దేశంలో 10 కోట్లకి పైగా మధుమేహులున్నారు, ఆ అంచుకి చేరినవాళ్లు 13 కోట్ల పైనే.

అలాగని అన్నం మీద పగ పట్టనక్కర్లేదు. పశ్చిమ గోదావరిలోని మారుటేరు పరిశోధన కేంద్రం నుంచి 1982లో స్వర్ణ వచ్చింది, రైతులు ఎంటీయూ 7029 అనేది దాన్నే. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 235 రకాల బియ్యాన్ని పరీక్షిస్తే, తిన్నాక గ్లూకోజును ఎంత వేగంగా పెంచుతాయో చెప్పే గ్లైసీమిక్ ఇండెక్స్ 48 నుంచి 92 దాకా పలికింది. అందులో మన స్వర్ణ తక్కువ వైపు, 55 లోపు నిలిచింది. అమైలోజ్ అనే రకం పిండిపదార్థం ఎక్కువున్న బియ్యం నిదానంగా అరుగుతుంది. ఇంత మంచి గింజని మన చేలల్లోనే పండించి, ఇంట్లోకి మాత్రం బాగా పాలిష్ పట్టిన సన్నబియ్యం తెచ్చుకునేవాళ్లని చూస్తే నాకు బాధగా ఉంటుంది. అయితే స్వర్ణ కూడా నిదానంగా గ్లూకోజయ్యేదే. మూడు వడ్డనలు తింటే మూడు వడ్డనల గ్లూకోజూ చేరుతుంది. కూర, పప్పు, చేప ముందు తిని, అన్నం తర్వాత కొద్దిగా తింటే తిన్నాక ఎగిసే షుగరు కొంత తగ్గుతుంది.

రక్తంలో చేరిన గ్లూకోజుని ఎక్కువగా పీల్చుకునేది కండరం. భీమవరంలో 1895లో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారు 1920లలో హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి కండరం మీద పనిచేశారు, దానికి శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ అనే పదార్థాల్ని గుర్తించారు. కండరం కదిలితే ఏటీపీ ఖర్చవుతుంది, దాన్ని తిరిగి నింపుకోవడానికి గ్లూకోజు కావాలి. డెల్టావాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. కాలవ ఎంత నిండుగా ఉన్నా తూము తలుపు ఎత్తకపోతే చేలోకి నీరు రాదు. ఆ తలుపు ఎత్తేది ఇన్సులిన్. టైప్ 2 మధుమేహంలో ముందు తలుపు బిగుసుకుంటుంది, కొన్నేళ్లకి ఎత్తే బలమూ సన్నగిల్లుతుంది. కానీ కండరం పని చేస్తున్నంతసేపు ఇన్సులిన్ ఎత్తకుండానే తలుపు తెరుచుకుంటుంది. భోజనమయ్యాక పదిహేను నిమిషాలు కాలవ గట్టు మీద నడిస్తే షుగరు దిగేది అందుకే.

సన్నగా ఉన్నాం కదా అని ధీమా పడకూడదు. చేతులూ కాళ్లూ సన్నగా ఉండి పొట్ట మాత్రం పెరిగే ఒంటి తీరు మనవాళ్లలో ఎక్కువ. నడుము కొలత మగవాళ్లకి 90, ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు దాటితే పరీక్ష చేయించుకోవాలి. పరగడుపున రక్తంలో షుగరు డెసిలీటరుకి 100 నుంచి 125 మిల్లీగ్రాముల మధ్య వస్తే అది అంచు, 126 అంతకు మించి వస్తే మధుమేహమనే అనుమానించి మరోసారి చూస్తారు. అంచు మీదున్నవాళ్లు వెనక్కి రావచ్చు. తిండి, నడక సరిచేసుకున్నవాళ్లలో మధుమేహం వచ్చే ముప్పు 28.5 శాతం తగ్గిందని చెన్నై వైద్యుల అధ్యయనం 2006లో చూపింది.

పరీక్షకి రెండు రోజుల ముందు నుంచి పథ్యం పట్టి, మంచి అంకె రాగానే ఊరటపడేవాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు. హెచ్‌బీఏ1సీ పరీక్ష దగ్గర ఆ పథ్యం పనిచేయదు. ఎర్ర రక్తకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది, ఆ రోజుల్లో దానికి అంటుకున్న గ్లూకోజుని ఈ పరీక్ష కొలుస్తుంది. రెండు మూడు నెలల తిండి అందులో బయటపడుతుంది.

పాదాల గురించి గట్టిగా చెప్పాలి. షుగరు ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే ముందు కాలివేళ్ల నరాలు దెబ్బతింటాయి. తిమ్మిరి, రాత్రిళ్లు మంటలు, ఆ తర్వాత అసలు స్పర్శే ఉండదు. మన పనులేమో బురదలో. చెరువు గట్టు మీద నత్తగుల్ల కోసుకున్నా, చేలో కొయ్యకాలు గుచ్చుకున్నా నొప్పి తెలియదు. రక్తనాళాలు కూడా సన్నబడటంతో గాయం మానదు, చీము పడుతుంది, చివరికి వేలో పాదమో తీసేయాల్సి వస్తుంది. రోజూ రాత్రి వేళ్ల సందులతో సహా పాదాలు చూసుకోవాలి, వంగి చూసుకోలేని పెద్దవాళ్లకి ఇంట్లోవాళ్లే చూడాలి. కాళ్లు కడిగాక తడి తుడవాలి. వేడినీళ్లలో కాలు పెట్టేముందు మోచేత్తో తాకి చూడాలి. చెప్పుల్లేకుండా తిరగకూడదు. ఏడాదికోసారైనా డాక్టరు చేత పాదాల స్పర్శ పరీక్ష చేయించుకోవాలి.

కార్తీక సోమవారాలప్పుడు ఇంకో ప్రమాదముంది. పొద్దున్నే స్నానం చేసి, షుగరు బిళ్ల వేసుకుని, నక్షత్ర దర్శనం దాకా ఉపవాసం ఉంటారు. గ్లిమిపిరైడ్ వంటి మాత్రలూ ఇన్సులినూ తిండి లేని ఒంట్లో గ్లూకోజుని 70 కిందకి దించేయగలవు. చెమటలు, వణుకు, తడబాటు మొదలవుతాయి. ఉపవాసం ఉండాలనుకుంటే మందు మోతాదు సంగతి డాక్టరుతో ముందే మాట్లాడుకోవాలి. వణుకు మొదలైతే వ్రతం అక్కడితో ఆపి మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించాలి, పావుగంటకి మళ్లీ పరీక్షించాలి. స్పృహ తప్పిన మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు. పక్కకి తిప్పి పడుకోబెట్టి, వెంటనే 108కి ఫోను చేయాలి.