మబ్బులు అందుకునే దారి: కుమానో ఒంటరి నడక మీద అపోహలు, వాస్తవాలు

జపాన్‌లో కుమానో దారుల మీద నడిచేవాళ్ళకు గైడ్‌గా ఉండటం నా పని. ఆరేళ్ళయింది. గుంపుని తీసుకెళ్ళిన రోజున నా కళ్ళు వాళ్ళ కాళ్ళ మీదే ఉంటాయి. అందుకని ఏడాదికి ఒక్కసారైనా ఎవరూ లేకుండా ఒక్కదాన్నే నడిచి వస్తాను. పోయిన నవంబరు చివర్లో అలా వెళ్ళిన రోజు ఫొటోలు ఫ్యామిలీ గ్రూపులో పెట్టగానే మొదలయ్యాయి. సగం ప్రశ్నలు, సగం తీర్పులు. నా దగ్గరికి వచ్చే యాత్రికుల నోట కూడా ఇంచుమించు ఇవే మాటలు వింటుంటాను. ఆ రోజు నడిచిన వరసలోనే చెప్తాను.

కోగుచి అనే చిన్న ఊరి నుంచి నాచి దాకా నడిచాను, 14.5 కిలోమీటర్లు. ఈ ముక్క పేరు ఓగుమోతోరి-గోయె. చేయి చాస్తే మబ్బు అందే కనుమ అని చెప్పుకోవచ్చు.

అపోహ: కుమానో కోడో అంటే ఒక దారి.

ఒక దారి కాదు, దారుల అల్లిక. క్యోటో, ఒసాకాలకు దక్షిణంగా సముద్రంలోకి చొచ్చుకెళ్ళిన కీ ద్వీపకల్పంలో నకహెచి, కొహెచి, ఒహెచి, ఇసెజి, ఒమినె ఒకుగకె అని అయిదు ముఖ్యమైన దారులున్నాయి. అన్నిటి గురీ మూడు క్షేత్రాలే: హొంగు, షింగులోని హయతమ, నాచి. ఈ కొండలనీ క్షేత్రాలనీ కలిపి 2004లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. విదేశీయుల్లో ఎక్కువమంది నడిచేది నకహెచి. నేను ఆ రోజు నడిచింది అందులోదే. "కుమానో చేసేశాం" అని ఎవరైనా అంటే ఏ ముక్క అని అడగండి.

అపోహ: 14 కిలోమీటర్లేగా, నాలుగు గంటల్లో అయిపోతుంది.

నాకు అన్నిటికంటే భయం వేసే అపోహ ఇదే. ఎందుకంటే ఒకప్పుడు నేనూ ఇలాగే అనుకున్నాను.

కోగుచి ఊరు లోయ అడుగున, నది పక్కన ఉంటుంది. అక్కడి నుంచి ఎచిజెన్ కనుమ 870 మీటర్ల ఎత్తున ఉంది. మధ్య దూరం అయిదు కిలోమీటర్ల లోపే, అంతా ఎక్కుడే. చివరి భాగాన్ని దోగిరి-జక అంటారు. నడుము తెగే ఎక్కుడు అన్నమాట, పేరు పెట్టినవాడు అబద్ధం ఆడలేదు. మెట్లున్నాయి కదా అంటారు. తిరుమల అలిపిరి మెట్లు ఎక్కినవాళ్ళు ఆ లెక్కతో వస్తారు. అక్కడ మెట్టు మెట్టుకీ కొలత ఉంది, పైన కప్పుంది, దారి పొడుగునా మజ్జిగ, మామిడికాయ ముక్కలు. ఇక్కడివి చేతికందిన రాళ్ళు తెచ్చి పేర్చినవి. ఒకటి మోకాలెత్తు, ఇంకొకటి జానెడు, అన్నిటి మీదా నాచు. వాన పడితే సబ్బు రాసినట్టుంటాయి. పైగా ఇది జపాన్‌లో వానలు బాగా పడే ప్రాంతాల్లో ఒకటి. ఎక్కడం ఆయాసం, అంతే. దిగేటప్పుడే పడతారు.

మామూలుగా నడిచేవాళ్ళకు ఏడెనిమిది గంటలు పడుతుంది. మధ్యలో కాపురం ఉన్న ఇల్లు లేదు, తిండి కొనుక్కునే చోటు లేదు. అప్పటికే రాజ్యం వదిలిన చక్రవర్తి గో-తోబా పరివారంతో 1201లో ఈ కనుమ దాటిన కవి ఫుజివారా నో తెయికా ఆ రోజు వానలో పడ్డ అవస్థ తన డైరీలో రాసుకున్నాడు. ఎనిమిది వందల ఏళ్ళ తర్వాత కూడా ఆ కొండ ఒక్క మీటరు తగ్గలేదు.

నేను మొదటిసారి వచ్చినప్పుడు తాపీగా టిఫిన్ చేసి తొమ్మిదిన్నరకు బయల్దేరాను. నవంబరు చివర ఇక్కడ అయిదు కాకముందే పొద్దు గుంకుతుంది. దేవదారు చెట్ల కింద నాలుగింటికే మసక. ఆఖరి గంటన్నర ఫోన్ లైటు వెలుగులో, పిరుదుల మీద జారుతూ దిగాను. ఆఖరి బస్సు వెళ్ళిపోయింది. ఫోన్ చార్జింగు ఎంత ఉందో ఇప్పటికీ గుర్తు: నాలుగు శాతం. ఈసారి ఏడు కాకముందే రోడ్డు మీద ఉన్నాను.

అపోహ: ఒంటరి ఆడమనిషికి అడవిలో భద్రత ఉండదు.

మా పిన్ని రాజమండ్రి నుంచి ఫోన్ చేసి మరీ తిట్టింది. పిన్ని భయం మనుషుల గురించి. ఇన్నేళ్ళలో ఆ దారి మీద నాకు ఎదురైన మనుషులు పక్కకు తప్పుకుని "కొన్నిచివా" అన్నవాళ్ళే. దారి తప్పడమూ అంత సులువు కాదు. ప్రతి 500 మీటర్లకూ నంబరు వేసిన గుంజ ఉంటుంది. పక్కదారుల మొదట్లో "ఇది కుమానో కోడో కాదు" అని కూడా బోర్డు పెట్టారు.

అయితే ఒంటరిగా ఉన్నప్పుడు కాలు మెలిక పడితే సంగతి వేరు. లోయల్లో సిగ్నల్ ఉండదు. అందుకే బస చేసిన ఇంటివాళ్ళకి ఎటు వెళ్తున్నానో, ఎన్నింటికి చేరతానో చెప్పే బయల్దేరతాను. ఎలుగుబంట్లు ఈ ద్వీపకల్పంలో ఉన్నాయి, తక్కువ. సంచికి చిన్న గంట కట్టుకుంటే చాలావరకు అవే తప్పుకుంటాయి. ఎండాకాలం చివరి నుంచి శరదృతువు దాకా పెద్ద కందిరీగల బెడద దానికంటే ఎక్కువ. నల్లబట్టలు వేసుకోకండి. తుపాను వెళ్ళాక దారి తెరిచి ఉందో లేదో కనుక్కోకుండా కదలొద్దు. 2011 తుపానుకు ఈ కొండలు చాలాచోట్ల విరిగిపడ్డాయి.

అపోహ: ఆడవాళ్ళు వెళ్ళకూడదు, ఆ రోజుల్లో అసలే వద్దు.

ఇది అమ్మ మాట: "తేదీలు చూసుకుని వెళ్ళవే." అమ్మను చూసి నవ్వలేను, ఎందుకంటే పుట్టించిన మాటేమీ కాదు. ఇదే కీ కొండల్లో, ఇదే యునెస్కో జాబితాలో ఉన్న ఒమినె శ్రేణిలోని సంజోగతకె శిఖరం మీదికి నేటికీ ఆడవాళ్ళను రానివ్వరు. కోయా కొండ మీద కూడా 1872 దాకా నిషేధమే.

కుమానో మాత్రం మొదట్నుంచీ వేరు. ఆడా మగా, శుచి అశుచి, నమ్మేవాళ్ళు నమ్మనివాళ్ళు, అందరికీ చోటుంది. దీనికో కథ చెప్తారు. వెయ్యేళ్ళ కిందటి కవయిత్రి ఇజుమి షికిబు ఎన్నో రోజులు నడిచి, హొంగు మొదటిసారి కనిపించే ఫుషిఓగమి దగ్గరికి వచ్చేసరికి ఆమెకు నెలసరి వచ్చిందట. ఇంత దగ్గరికి వచ్చి దర్శనం లేదే అని బాధతో పద్యం చెప్పుకుని పడుకుంటే, కుమానో దేవుడు కలలోకి వచ్చి తిరిగి పద్యంలోనే జవాబిచ్చాడట: నేనే ఈ దుమ్ములో కలిసి ఉండేవాణ్ణి, నీ నెలసరి నాకు అడ్డమా అని. కథే కావచ్చు. ఆ కథను గుడి తరపున ఊరూరా మోసిన వాళ్ళలో సన్యాసినులు ఉన్నారు. అమ్మకు ఫోన్లో చెప్తే కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "వాళ్ళ దేవుడు మంచాడు" అంది.

అపోహ: ఇది బౌద్ధ యాత్ర. (ఇంకొందరి అపోహ: కాదు, జపాన్ సొంత మతమైన షింటో యాత్ర.)

కోగుచి దాటి ఎక్కడం మొదలుపెట్టిన కాసేపటికే దారి పక్కన నాచు పట్టిన పెద్ద బండ వస్తుంది. పేరు వరోద-ఇషి. ముగ్గురు కుమానో దేవతలు దాని మీద కూర్చుని టీ తాగుతూ కబుర్లాడుకుంటారని చెప్పుకుంటారు. దాని మీద చెక్కినవి జపనీస్ అక్షరాలు కావు, సిద్ధం అనే పాత భారతీయ లిపిలో సంస్కృత బీజాక్షరాలు. అమితాభుడు, భైషజ్యగురువు, అవలోకితేశ్వరుడు, ఒక్కొక్కరికి ఒక్కొక్కటి. మూడు గుళ్ళలోని కామి, అంటే షింటో దేవతలే ఈ ముగ్గురు బుద్ధ, బోధిసత్వుల రూపాలని ఇక్కడివాళ్ళు శతాబ్దాల పాటు కొలిచారు. 1868లో ప్రభుత్వం రెండింటినీ విడదీయమన్నాకే "ఇది షింటో క్షేత్రం, అది బౌద్ధ ఆలయం" అన్న గీత గట్టిగా పడింది. నాచిలో ఇప్పటికీ షింటో క్షేత్రం, సెయిగాంతో-జి అనే బౌద్ధ ఆలయం ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. ఆ ఆలయాన్ని మొదలుపెట్టింది భారతదేశం నుంచి సముద్రంలో కొట్టుకొచ్చిన సన్యాసి అని స్థలపురాణం.

సిద్ధం లిపికీ మన తెలుగు లిపికీ మూలం ఒకటే, బ్రాహ్మి. ఆ బండ ముందు ప్రతిసారీ ఆగుతాను. చదవలేను గానీ, అక్షరాల వంపులు చుట్టాల మొహాల్లా ఉంటాయి.

అపోహ: అదంతా వెయ్యేళ్ళ నాటి అడవి.

ఫొటోల్లో అలా కనిపిస్తుంది. నిటారుగా, ఒకే ఎడంతో, ఒకే లావుతో ఉన్నాయంటే మనిషి నాటినవని అర్థం. ఈ దారి పక్కనున్న సుగి, హినోకి చెట్లు చాలావరకు కలప కోసం వేసిన తోటలే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత నాటినవి అందులో ఎన్నో. నిజంగా పాత చెట్లు గుళ్ళ చుట్టూ మిగిలాయి, అవీ ఊరికే మిగల్లేదు. 1906 నుంచి చిన్న గుళ్ళను పెద్దవాటిలో కలిపేసి వాటి తోపులు కొట్టేస్తుంటే, తనాబెలో ఉండే ప్రకృతి శాస్త్రవేత్త మినకత కుమగుసు అడ్డం తిరిగాడు. 1910లో జైలుకూ వెళ్ళాడు. ఇదే నకహెచిలో త్సుగిజకుర-ఓజి అనే చిన్న గుడి దగ్గరున్న మహావృక్షాలు కొన్ని బతికింది ఆయన పోరు వల్లే.

అపోహ: అక్కడ చచ్చినవాళ్ళు ఎదురొస్తారట!

ఇది పూర్తిగా అపోహ అననా వద్దా? ఫునమి కనుమ దగ్గరి దారికి ఆ పేరుంది మరి. చనిపోయిన అయినవాళ్ళు ఎదురుగా నడిచి వస్తూ కనిపిస్తారని పాత నమ్మకం. కుమానోను పూర్వం చచ్చినవాళ్ళు చేరే చోటుగా కూడా తలచేవారు. పొగమంచులో, అయిదారు గంటల నడక తర్వాత, ఆకలి మీద ఉన్నప్పుడు ఎవరైనా కనిపించడంలో నాకు వింత లేదు. నాకు తాతయ్య కనిపించలేదు. ఎదురుగా ఒక ఆకారం వస్తుంటే మాత్రం ఒక్క క్షణం ఆగాను. దగ్గరికొచ్చాక చూస్తే రెయిన్‌కోటు వేసుకున్న డెబ్బై ఏళ్ళ పెద్దాయన, నాకంటే వేగంగా నడుస్తున్నాడు.

ఫునమి అంటే ఓడలు చూసే చోటు. మంచు విడితే పసిఫిక్ మహాసముద్రం కనిపిస్తుంది. కింద ఆ నాచి తీరం నుంచే ఒకప్పుడు సన్యాసులను పడవ గదిలో మూసేసి దక్షిణానికి వదిలేవారు. వాళ్ళు చేరాలనుకున్నది ఫుదరకు, అంటే అవలోకితేశ్వరుడి పోతలక పర్వతం. దక్షిణ భారతంలో ఉందని హ్యూయన్‌త్సాంగ్ రాసింది దాని గురించే. ఇడ్లీ లేదని బెంగపడుతూ నేను కూర్చున్న రాయి మీద నుంచి, వాళ్ళ స్వర్గం మా ఊరి దిక్కున ఉంది.

అపోహ: శాకాహారులకు తిండి దొరకదు.

దొరుకుతుంది, ముందే చెప్తే. "మాంసం తినను" అంటే సరిపోదు. చారులో, కూరలో, సాస్‌లో ఎండు చేప రసం ఉంటుంది, దాన్ని వాళ్ళు మాంసాహారం కింద లెక్కపెట్టరు. బుక్ చేసేటప్పుడే "చేప రసం కూడా వద్దు" అని రాయండి. ఆ రోజు నా డబ్బాలో మెహరి-జుషి పెట్టారు: ఊరవేసిన ఆవజాతి ఆకులో చుట్టిన అన్నం ముద్దలు. పక్కన ఉప్పులో ఊరిన ఉమె పండు, ఈ దారులున్న వకయమ ప్రాంతం ఉమెకు పెట్టింది పేరు. సంచిలో కంది పొడి ఉండనే ఉంది.

అపోహ: మొత్తం నడిస్తేనే ఫలం.

స్పెయిన్‌లోని సాంటియాగో దారినీ దీన్నీ కలిపి ఇచ్చే జంట యాత్రికుల గుర్తింపుకే, హొష్షిన్‌మోన్ నుంచి హొంగు దాకా 7 కిలోమీటర్లు నడిచి, మిగతా రెండు క్షేత్రాలు చూసి వస్తే చాలు. మోకాళ్ళు సరిగా లేనివాళ్ళను నేను అక్కడికే పంపిస్తాను.

దారి గుడి పక్కన దిగింది. అప్పుడు టైము రెండూ నలభై. నాచి జలపాతం 133 మీటర్లు. ఎర్రటి మూడంతస్తుల పగోడా వెనకాలే ఉన్నట్టు ఫొటోల్లో కనిపిస్తుంది గానీ, దాని కిందికి చేరాలంటే ఇంకా మెట్లు దిగాలి. అక్కడ గర్భగుడి ఉండదు. జలపాతమే దేవుడు.

బస్టాపు వైపు వస్తుంటే ఇద్దరు కుర్రాళ్ళు, మన దేశంవాళ్ళే, ఆపి అడిగారు: "అక్కా, కోగుచికి ఇటేనా? మ్యాపులో మూడున్నర గంటలు చూపిస్తోంది." వాళ్ళ దగ్గర ఒక నీళ్ళ సీసా ఉంది, లైటు లేదు. నా బురద ప్యాంటు చూపించి ఏడింటికి బయల్దేరానని చెప్పాను. ఒకడు వాచీ చూసుకున్నాడు, ఇంకొకడు నా మోకాళ్ళు చూశాడు. నా వెనకే బస్సెక్కారు.