పాత కంప్యూటర్‌కు కొత్త ప్రాసెసర్: గేమింగ్, లైవ్ స్ట్రీమింగ్ విషయంలో అపోహలు - వాస్తవాలు

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ పరిసరాల్లో పన్నెండేళ్లుగా కంప్యూటర్లు అసెంబుల్ చేయడం, పాతవాటిని బాగుచేయడం నా వృత్తి. ఇంజినీరింగ్ చదువుతున్న కుర్రాళ్లు, పగలు ఉద్యోగం చేసుకుని రాత్రి యూట్యూబ్‌లో ఆటలు లైవ్ పెట్టేవాళ్లు క్యాబినెట్‌ను మోసుకుని వచ్చి అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: "అన్నా, లైవ్ ఆన్ చేయగానే ఆట ల్యాగ్ అవుతోంది, ప్రాసెసర్ మారిస్తే సరిపోతుందా?" ఈ ప్రశ్నకు క్యాబినెట్ తెరవకుండానే జవాబు చెప్పేవారి దగ్గర డబ్బు పెట్టవద్దని నా మనవి. ఏ ప్రాసెసర్ కొనాలన్నది మదర్‌బోర్డు నిర్ణయిస్తుంది. అసలు ప్రాసెసర్ కొనాలా వద్దా అన్నది కొలిచి చూస్తే గాని తేలదు. ఇంట్లో అడిగి తెచ్చుకున్న డబ్బు అక్కరలేని భాగం మీద ఖర్చయిపోవడం చాలాసార్లు చూశాను కనుక, ఎక్కువగా వినిపించే అపోహలను ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

అపోహ: ఆట ఆగి ఆగి నడుస్తోందంటే ప్రాసెసర్ పాతబడినట్టే.

వాస్తవం: కావచ్చు, కాకపోవచ్చు. తేల్చుకోవడానికి పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటి ఉంది. ఆట సెట్టింగ్స్‌లో రిజల్యూషన్‌ను 1080 నుంచి 720కి తగ్గించి, అదే మ్యాప్‌లో అదే చోట ఫ్రేములు ఎన్ని వస్తున్నాయో చూడండి. ఫ్రేములు బాగా పెరిగితే అంతవరకు అడ్డుపడుతున్నది గ్రాఫిక్స్ కార్డు అని అర్థం. దాదాపు అక్కడే ఉండిపోతే భారం ప్రాసెసర్ మీదో ర్యామ్ మీదో ఉన్నట్టు.

"టాస్క్ మేనేజర్‌లో సీపీయూ 50 శాతమే చూపిస్తోంది, కాబట్టి ప్రాసెసర్‌ది తప్పు కాదు" అని వాదించేవారూ ఉన్నారు. ఆ అంకె అన్ని థ్రెడ్ల (ప్రాసెసర్ ఏకకాలంలో నడపగల పని వరసల) సగటు మాత్రమే. 8 థ్రెడ్ల ప్రాసెసర్‌లో ఒక థ్రెడ్ పూర్తిగా నిండిపోయినా సగటులో అది పన్నెండున్నర శాతంగానే కనిపిస్తుంది. ఆటలోని ప్రధానమైన లెక్కలు తరచుగా ఒకటి రెండు థ్రెడ్ల మీదే సాగుతాయి కనుక, సగటు తక్కువగా ఉన్నప్పటికీ ప్రాసెసర్ తన హద్దుకు చేరి ఉండవచ్చు. గ్రాఫ్ మీద రైట్ క్లిక్ చేసి లాజికల్ ప్రాసెసర్ల వారీగా విడదీసి చూస్తే నిజం కనబడుతుంది.

ర్యామ్ సంగతి ఇక్కడే చెప్పాలి. 8 జీబీ స్టిక్ ఒక్కటే ఉన్న యంత్రాలు నా బల్ల మీదకు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. ఒకే స్టిక్ ఉంటే మెమరీ ఒకే చానల్ మీద నడుస్తుంది, దానివల్ల ప్రాసెసర్‌కు అందవలసిన వేగంలో సగమే అందుతుంది. దానికి తోడు ఆట, బ్రౌజర్, లైవ్ పంపే సాఫ్ట్‌వేర్ ఓబీఎస్ స్టూడియో కలిసి 8 జీబీని సులభంగా నింపేస్తాయి. 3200 అని రాసి ఉన్న ర్యామ్ కొన్నా, బయోస్‌లో (బోర్డులోనే ఉండే మూల సాఫ్ట్‌వేర్‌లో) ర్యామ్‌ను పూర్తి వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ సెట్టింగ్ ఆన్ చేయకపోతే చాలా బోర్డుల్లో అది 2133 దగ్గరో 2400 దగ్గరో ఆగిపోతుంది. రైజెన్ ప్రాసెసర్ మార్చడానికి వచ్చి, అలాంటిదే ఇంకొక స్టిక్ జత చేయించుకుని, ఆ ఒక్క సెట్టింగ్ మార్పుతో తృప్తిగా తిరిగి వెళ్లినవారు నాకు ఎందరో తెలుసు.

అపోహ: సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) పేరు కలిస్తే ఏ ప్రాసెసరైనా కూర్చుంటుంది.

వాస్తవం: బడ్జెట్‌లో అప్‌గ్రేడ్ చేసేవారు అన్నిటికంటే ఎక్కువగా నష్టపోయేది ఈ నమ్మకంతోనే. ఇంటెల్ 6వ, 7వ తరం ప్రాసెసర్ల సాకెట్ పేరు ఎల్‌జీఏ 1151. 2017లో వచ్చిన 8వ తరం సాకెట్ పేరూ అదే. అయినా 100, 200 సిరీస్ చిప్‌సెట్ (బోర్డును నడిపే చిప్) ఉన్న బోర్డులో 8వ తరం ప్రాసెసర్ పనిచేయదు, దానికి 300 సిరీస్ బోర్డు కావాలి. ఆన్‌లైన్‌లో సెకండ్ హ్యాండ్ ఐ5-8400 కొని, 100 సిరీస్‌కు చెందిన హెచ్110 బోర్డుతో నా దగ్గరకు వచ్చిన ఒక డిగ్రీ విద్యార్థికి ఈ మాట చెప్పవలసి వచ్చినప్పుడు నాకే బాధ కలిగింది. అమ్మినవారు తిరిగి తీసుకోలేదు. ఎల్‌జీఏ 1200లోనూ ఇదే చిక్కు ఉంది: 10వ తరంతో వచ్చిన హెచ్410, బీ460 బోర్డులను నమ్ముకుని 11వ తరం ప్రాసెసర్ కొనకూడదు.

దీనికి పూర్తిగా భిన్నమైనది ఏఎమ్‌డీ వారి ఏఎం4 సాకెట్. 2017లో మొదటి రైజెన్‌తో కొన్న బీ350 బోర్డులో, 2020 చివర వచ్చిన రైజెన్ 5000 సిరీస్‌ను కూర్చోబెట్టవచ్చు. బీ350 వంటి ఏఎమ్‌డీ 300 సిరీస్ బోర్డులకు ఈ అవకాశాన్ని కంపెనీ 2022లో అధికారికంగా తెరిచింది. బోర్డు తయారీదారు వెబ్‌సైట్‌లో మీ మోడల్ పేజీకి వెళ్లి, సీపీయూ సపోర్ట్ జాబితాలో మీరు కొనదలచిన ప్రాసెసర్ ఉందో లేదో, దానికి ఏ బయోస్ వెర్షన్ కావాలో చూసుకోవడం మాత్రం తప్పనిసరి. బోర్డు మీద ముద్రించిన రివిజన్ నంబరు కూడా సరిపోల్చండి. కొన్ని బోర్డుల్లో పాత బయోస్ నుంచి నేరుగా కొత్తదానికి వెళ్లడం కుదరదు, మధ్యలో ఇంకొక వెర్షన్ వేయాలి. ఈ పనంతా పాత ప్రాసెసర్ బోర్డులో ఉండగానే పూర్తి చేయాలి, ఎందుకంటే కొత్తది పెట్టాక తెర వెలగకపోతే, వెనక ఫ్లాష్‌బ్యాక్ బటన్ (ప్రాసెసర్ సాయం లేకుండానే బయోస్ రాసేది) ఉన్న బోర్డుల్లో తప్ప, మళ్లీ పాతదాన్ని బిగించక తప్పదు. బయోస్ రాస్తున్నప్పుడు కరెంటు పోతే బోర్డు మూగబోతుంది కనుక యూపీఎస్ లేకుండా ఆ పనికి దిగవద్దు.

నా అభిప్రాయంలో ఈ రోజుకీ తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం ఇచ్చే అప్‌గ్రేడ్ ఏఎం4 బోర్డులో రైజెన్ 5 5600 వేయడమే. నాలుగు కోర్లు, నాలుగు థ్రెడ్ల రైజెన్ 3 1200 నుంచి ఆరు కోర్లు, 12 థ్రెడ్ల 5600కు మారినప్పుడు కలిగే తేడా కొలవకుండానే కంటికి తెలుస్తుంది. బోర్డు, డీడీఆర్4 ర్యామ్ పాతవే ఉంటాయి. 2025 చివరి నుంచి మెమరీ ధరలు పెరిగిన తీరు చూస్తే, ఉన్న ర్యామ్‌ను వదులుకోకపోవడమే పెద్ద ఆదా. ఇంకొక మేలు కూడా ఉంది. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, విండోస్ 11 అధికారిక జాబితాలో మొదటి తరం రైజెన్ లేదు, 5000 సిరీస్ ఉంది. కాస్త తక్కువ ధరకు దొరికే 5500 కూడా ఆరు కోర్లదే, కాని దానిలో ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగవంతమైన మెమరీ) 32 ఎంబీకి బదులు 16 ఎంబీ మాత్రమే ఉంటుంది, ఆటల్లో ఆ లోటు తెలుస్తుంది. ధరలో తేడా బాగా తక్కువైతే 5600 వైపే మొగ్గండి.

అపోహ: కోర్లు ఎన్ని ఎక్కువైతే ఆట అంత బాగా నడుస్తుంది, ఐ7 అంటే ఐ3 కంటే ఎప్పుడూ మేలే.

వాస్తవం: 2012లో వచ్చిన ఎఫ్ఎక్స్-8350ని ఎనిమిది కోర్లదని అమ్మారు. రెండేసి కోర్లు కొన్ని భాగాలను పంచుకునే నిర్మాణం దానిది. ఆటల్లో అది నాలుగు కోర్ల ఇంటెల్ ప్రాసెసర్ల వెనకే ఉండేది. ఎఫ్ఎక్స్ కోర్ల లెక్క మీద అమెరికాలో దాఖలైన దావాను ఏఎమ్‌డీ 2019లో కోటీ 21 లక్షల డాలర్లకు పరిష్కరించుకుంది. ఇప్పుడు అదే ఆకర్షణ చవక ఎక్స్99 బోర్డుల మీద పాత సర్వర్ ప్రాసెసర్ల రూపంలో కనిపిస్తోంది. జియాన్ ఈ5-2670 వీ3లో 12 కోర్లు ఉన్న మాట నిజమే, కాని దాని గరిష్ఠ వేగం 3.1 గిగాహెర్ట్జ్. వీడియో రెండరింగ్‌కు పనికివస్తుంది గాని, ఒకటి రెండు థ్రెడ్ల వేగం మీద ఆధారపడే వాలరెంట్, సీఎస్ 2 వంటి ఆటలకు నేను దానిని సిఫారసు చేయను.

ఇక ఐ7 పేరు గురించి. ఐ7-3770, ఐ3-12100ఎఫ్ రెండింటిలోనూ నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లే. అయితే ఒకటి 2012 నాటిది, మరొకటి 2022 నాటిది. ఆటల్లో ఆ ఐ3 ముందు ఆ ఐ7 నిలబడలేదు. హెచ్61 బోర్డు మీద ఐ5-3470 వాడుతున్నవారు ఐ7-3770 వేయిస్తే నాలుగు థ్రెడ్లు ఎనిమిదవుతాయి, ఆటలో కుదుపులు కొంత తగ్గుతాయి; సెకండ్ హ్యాండ్‌లో చాలా చవకగా దొరికితే, కొత్త బోర్డుకు డబ్బు కూడే వరకు గడపడానికి అది పనికివస్తుంది. అంతకు మించి ఆ బోర్డు మీద ఖర్చు పెట్టవద్దు. ఆ మూడో తరంలో ఏవీఎక్స్2 అనే లెక్కల ఆదేశాలు లేవు, అవి లేనిదే తెరుచుకోని కొత్త ఆటలు ఉన్నాయి. ర్యామ్ డీడీఆర్3, విండోస్ 11కు అధికారిక మద్దతు లేదు. నాలుగో తరానికి ఏవీఎక్స్2 ఉన్నా మిగిలిన పరిమితులు అవే. అక్కడ ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ మూడూ కలిపి మార్చడమే సరైన లెక్క.

కార్యాలయాల్లో వాడి అమ్మేసిన బ్రాండెడ్ డెస్క్‌టాప్‌లు కొన్నవారికి ఒక హెచ్చరిక. వాటిలో చాలావాటికి ఎస్ఎంపీఎస్ (కరెంటు సరఫరా పెట్టె) కనెక్టర్ మామూలుది కాదు, బయోస్ కూడా ఆ మోడల్‌తో అమ్మిన ప్రాసెసర్లనే గుర్తిస్తుంది. అడ్వాన్స్ ఇచ్చే ముందే ఈ రెండూ కనుక్కోండి.

అపోహ: ఆడుతూ స్ట్రీమ్ చేయాలంటే ఖరీదైన ప్రాసెసర్ ఉండి తీరాలి.

వాస్తవం: వీడియోను ప్రాసెసర్‌తో ఎన్‌కోడ్ చేసిన (లైవ్ పంపడానికి వీలుగా కుదించిన) రోజుల్లో ఈ మాట సరైనదే. ఓబీఎస్‌లో ఎన్‌కోడర్‌గా ఎక్స్264 ఎంచుకుంటే ఆటకు అందవలసిన కోర్లను అది వాడుకుంటుంది. కాని ఎన్విడియా 2012 నుంచి తన కార్డుల్లో ఎన్‌వెంక్ అనే ప్రత్యేక ఎన్‌కోడర్‌ను ఇస్తోంది, ఇంటెల్ 2011 నుంచి ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ భాగంలో క్విక్ సింక్ ఇస్తోంది. ఈ పనికే కేటాయించిన ఆ భాగానికి ఎన్‌కోడింగ్ అప్పగిస్తే ప్రాసెసర్ మీద పడే భారం చాలావరకు తగ్గిపోతుంది. లైవ్ పెట్టగానే ల్యాగ్ అని వచ్చిన యంత్రాల్లో నేను మొట్టమొదట చూసేది ఓబీఎస్ అవుట్‌పుట్ సెట్టింగ్‌నే; ఎన్‌వెంక్ ఉన్న కార్డు లోపల ఉండగానే ఎక్స్264 మీద నడుస్తున్నవి కొల్లలు.

అయితే అన్ని కార్డుల్లో ఎన్‌కోడర్ ఉండదు. జీటీ 1030లో ఎన్‌వెంక్ లేదు. ఆర్ఎక్స్ 6400, 6500 ఎక్స్‌టీ కార్డుల్లోనూ హార్డ్‌వేర్ ఎన్‌కోడర్ లేదు. పైగా ఈ రెండు కార్డులూ బోర్డుతో కలిపే పీసీఐఈ దారిలో నాలుగు లేన్ల మీదే నడుస్తాయి, పాత 3.0 బోర్డులో వేగం ఇంకా తగ్గుతుంది. స్ట్రీమింగ్ చేసేవారు వీటిని ఎంచుకోకూడదని గట్టిగా చెబుతాను. పేరు చివర ఎఫ్ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ భాగం పనిచేయదు కనుక క్విక్ సింక్ కూడా ఉండదు. నాలుగు డబ్బులు ఆదా అవుతాయని ఎఫ్ రకం కొనే ముందు మీ కార్డులో ఎన్‌కోడర్ ఉందో లేదో చూసుకోండి.

ఓబీఎస్‌లో స్టాట్స్ అనే కిటికీ ఒకటి ఉంది. దాన్ని తెరిచి ఒక అరగంట ఆడితే ఏ భాగానికి డబ్బు పెట్టాలో అదే చెబుతుంది. రెండరింగ్ ల్యాగ్ వల్ల పోయిన ఫ్రేములు పెరుగుతుంటే గ్రాఫిక్స్ కార్డు నూరు శాతం నిండిపోయిందని అర్థం. ఆటలో ఫ్రేములకు 60 వద్ద పరిమితి పెట్టి, ఓబీఎస్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిస్తే చాలాసార్లు అది సర్దుకుంటుంది. ఎన్‌కోడింగ్ ల్యాగ్ కనిపిస్తే ఎన్‌కోడర్‌ను గాని దాని ప్రీసెట్‌ను గాని మార్చాలి. డ్రాప్డ్ ఫ్రేమ్స్ అన్న వరసలో అంకె పెరుగుతుంటే లోపం ఇంటర్నెట్‌లో ఉంది, ఏ ప్రాసెసరూ దాన్ని తీర్చలేదు. 6000 కేబీపీఎస్‌తో లైవ్ పెట్టాలంటే అప్‌లోడ్ వేగం నిలకడగా అంతకంటే బాగా ఎక్కువ ఉండాలి. ఫోన్ హాట్‌స్పాట్‌ను, రెండు గోడల అవతల ఉన్న వైఫైని నమ్ముకోకుండా రౌటర్ నుంచి కేబుల్ లాగండి.

అపోహ: ప్రాసెసర్ ఒక్కటి మారితే చాలు, మిగతావన్నీ సర్దుకుంటాయి.

వాస్తవం: 65 వాట్ల రైజెన్ ప్రాసెసర్ సాకెట్ నుంచి, రకాన్ని బట్టి, 76 లేదా 88 వాట్ల వరకు, 105 వాట్లది 142 వాట్ల వరకు తీసుకుంటుంది. వీఆర్ఎం (ప్రాసెసర్‌కు కరెంటు అందించే భాగం) మీద హీట్‌సింక్ కూడా లేని ఏ320 బోర్డులో 5800ఎక్స్ వంటిది వేస్తే, అది వేడెక్కి వేగం తగ్గించుకుంటుంది, పెట్టిన డబ్బుకు తగిన ఫలితం రాదు. అలాంటి బోర్డులకు 65 వాట్ల రకమే వేస్తాను. 5600తో పెట్టెలో కూలర్ వస్తుంది. 5700ఎక్స్, 5800ఎక్స్ వంటివాటికి విడిగా కొనాలి, ఆ ఖర్చును ముందే లెక్కలో వేసుకోండి. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చిన, 450 వాట్లని స్టిక్కర్ మాత్రమే ఉన్న ఎస్ఎంపీఎస్ మీద కొత్త భాగాలు పెట్టడానికి నేను ఒప్పుకోను. అది పోయేటప్పుడు బోర్డును కూడా తీసుకుపోతుంది.

ఏఎం4 ప్రాసెసర్ మార్చే పద్ధతి గురించి ఒక మాట. దాని అడుగున 1331 సన్నని పిన్నులు ఉంటాయి, సాకెట్ వాటిని గట్టిగా పట్టుకోదు. థర్మల్ పేస్ట్ ఎండి బిగుసుకుపోయి ఉంటే, కూలర్‌ను నేరుగా పైకి లాగినప్పుడు ప్రాసెసర్ కూడా దానికి అంటుకుని ఊడి వస్తుంది. ఈ పని నేర్చుకుంటున్న కొత్తలో నేను అలాగే లాగి ఒకరి ప్రాసెసర్ పిన్నులు వంచాను. సూదితో ఒక్కొక్కటి నిలబెట్టడానికి ఆ సాయంత్రమంతా పట్టింది. అప్పటి నుంచి పదిహేను నిమిషాలు ఏదైనా ఆట నడిపి, పేస్ట్ వెచ్చబడ్డాక కరెంటు పూర్తిగా తీసేసి, కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పి వదులు చేసిన తరువాతే ఎత్తుతున్నాను.

అపోహ: ప్రాసెసర్ మారిస్తే విండోస్ మళ్లీ వేయాల్సిందే.

వాస్తవం: బోర్డు అదే ఉంటే సాధారణంగా అవసరం లేదు, లైసెన్సు కూడా పోదు. అయితే ఏఎమ్‌డీ బోర్డుల్లో కొత్త ప్రాసెసర్ పెట్టాక మొదటిసారి ఆన్ చేసినప్పుడు ఎఫ్‌టీపీఎంను (రహస్య కీలను దాచే భాగాన్ని) రీసెట్ చేయాలా అని తెర మీద అడుగుతుంది. డ్రైవ్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్ అయి ఉండి, రికవరీ కీ మీ దగ్గర లేకపోతే, అవునని నొక్కిన తరువాత మీ ఫైళ్లు మీకే తెరుచుకోవు. అందుకే పాత ప్రాసెసర్ తీయకముందే బిట్‌లాకర్‌ను ఆపించి, 48 అంకెల ఆ కీని కస్టమర్ చేతనే కాగితం మీద రాయించి, ఆ తరువాతే స్క్రూడ్రైవర్ పట్టుకుంటాను.