గాలి సిలిండర్‌కు నీటి పరీక్ష ఎందుకు?

పొగ కమ్మిన గదిలోకి వెళ్లే ఫైర్‌మన్ వీపుకు తగిలించుకునే ఉక్కు సిలిండర్ సాధారణంగా 6 లీటర్లది. అందులో 300 బార్ ఒత్తిడితో, అంటే మన చుట్టూ ఉండే గాలి ఒత్తిడికి దాదాపు 300 రెట్లతో, గాలి నింపుతారు. అదే పేలితే ఒక్కసారిగా బయటపడే శక్తి సుమారు 80 గ్రాముల టీఎన్‌టీ అనే పేలుడు పదార్థంతో సమానం. మనిషి వెన్నుకు ఆనించి ఉండే వస్తువు కదా, దీని పరీక్ష విషయంలో బేరాలు ఉండకూడదని నా గట్టి అభిప్రాయం.

పరీక్ష గాలితో చేయరు, నీళ్లతో చేస్తారు. పరీక్షలో ఒకటిన్నర రెట్లు, అంటే 450 బార్ దాకా నొక్కినా నీళ్లు కుంచించుకునేది 2 శాతమే. దాంతో వాటిలో నిలవుండే శక్తి గాలిలో ఉండేదానికి నూరో వంతు కూడా ఉండదు. సిలిండర్ పగిలినా నీళ్లు చిమ్ముతాయి, ముక్కలు ఎగిరిపోవు.

నీళ్లు నింపిన సిలిండర్‌ను నీళ్లున్న మరో గట్టి తొట్టిలో బిగించి, లోపల ఒత్తిడి పెంచుతారు. సిలిండర్ ఉబ్బుతుంది. ఉబ్బినంత మేర తొట్టిలోని నీళ్లు పక్కనున్న బ్యూరెట్ అనే కొలత గీతల గాజు గొట్టంలోకి ఎక్కుతాయి. 40 మిల్లీలీటర్లు ఎక్కాయనుకుందాం. ఒత్తిడి తీసేశాక ఆ నీళ్లు దాదాపు మొత్తం కిందికి దిగాలి. 2 మిల్లీలీటర్లు మిగిలితే ఫరవాలేదు. 4 దాటితే, అంటే పదో వంతుకు మించితే, ఉక్కు తన సాగే గుణం పోగొట్టుకున్నట్టే. ఆ సిలిండర్ ఫెయిల్.

ఫెయిలైతే రిపేరు లేదు. కడపలో బోరు పైపు నుంచి ట్రాక్టర్ ట్రాలీ దాకా దేన్నయినా అతికించే వెల్డర్లున్నారు. కానీ అతుకు లేకుండా తయారైన ఈ ఉక్కుకు బలం వచ్చింది లెక్క ప్రకారం కాల్చి చల్లార్చడం వల్ల. వెల్డింగ్ వేడి తగిలితే ఆ చోట ఆ బలం పోతుంది. అందుకే 2016 నాటి గ్యాస్ సిలిండర్ల నిబంధనలు కూడా దాని బాడీకి రిపేరును నిషేధించాయి. ఫెయిలైన సిలిండర్‌ను మళ్లీ అతికించడానికి వీల్లేకుండా ముక్కలు చేయమన్నాయి. తుప్పు తినేసి బరువు 5 శాతానికి మించి తగ్గినా అంతే.

కాబట్టి రిపేరు ఖర్చంటే వాల్వు, ఓ-రింగులు (గాలి కారకుండా ఆపే రబ్బరు రింగులు), రెగ్యులేటర్, అంతే. మిగతాది టెస్టు ఫీజు, రవాణా. టెస్టుకు పోయిన రోజుల్లో వాడటానికి స్పేర్ సిలిండర్ ఉందో లేదో ముందే చూసుకోవాలి. టెస్టు కేంద్రం ఇచ్చిన ఎస్టిమేట్ తక్కువగా కనిపిస్తే దానికి పెసో (పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) అనుమతి ఉందా, పరీక్ష తేదీ సిలిండర్ మీద గుద్దుతారా అని అడగండి.

ఆరబెట్టడం గురించి కూడా అడగండి. లోపల తడి మిగిలితే ఉక్కు తుప్పు పడుతుంది. ఆ తుప్పు గాలిలోని ఆక్సిజన్‌ను లాగేసుకుంటుంది. చాలా రోజులు అలాగే మూసి ఉంచిన సిలిండర్‌లో గేజి ముల్లు నిండుగా చూపించినా, లోపలి గాలి పీల్చడానికి పనికి రాకపోవచ్చు. వేడి గాలితో ఆరబెట్టి, లైటు వేసి లోపల చూశాకే వాల్వు బిగించాలి.