ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు పగ్గాలు వదిలేటప్పుడు: అపోహలు - వాస్తవాలు

ఓపెన్ సోర్స్‌లోకి ఎలా రావాలో చెప్పే తెలుగు వీడియోలు బోలెడు. మొదటి పుల్ రిక్వెస్ట్ (మన మార్పుని ప్రాజెక్టులో చేర్చమని అడగడం) ఎలా పెట్టాలి, జీఎస్‌ఓసీకి (గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్) ఎలా అప్లై చేయాలి, అన్నీ దొరుకుతాయి. బయటికి ఎలా రావాలో చెప్పేవాళ్లు మాత్రం కనబడరు. నేను కొన్నేళ్లుగా పైథాన్ లైబ్రరీలకు మెయింటైనర్‌గా, అంటే వచ్చిన మార్పులు చూసి చేర్చి కొత్త వెర్షన్లు విడుదల చేసే మనిషిగా, ఉన్నాను. ఒక ప్రాజెక్టు పగ్గాలు ఇంకొకరి నుంచి అందుకున్నాను, ఒకటి వేరేవాళ్లకు అప్పగించాను. చిన్న చిన్న ప్రాజెక్టులు నడిపే కుర్రాళ్లు, అమ్మాయిలు ఫోన్ చేసి అడిగేది దాదాపు ఒకటే: "అన్నా, నా వల్ల కావట్లేదు, కానీ ఇప్పుడు దిగిపోతే ఏమనుకుంటారో." ఆ టెన్షన్ వెనకున్న అపోహల గురించే ఈ పోస్టు.

అపోహ: మొదలుపెట్టినవాళ్లు వెళ్లిపోతే ప్రాజెక్టు మూతపడుతుంది

కోడ్‌లో మార్పుల చరిత్రని దాచే గిట్ సంగతే చూడండి. లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ దాన్ని 2005 ఏప్రిల్‌లో రాయడం మొదలుపెట్టారు. జులై ఆఖరుకల్లా జూనియో హమానోకి అప్పగించేశారు. 1.0 వెర్షన్ ఆ డిసెంబరులో వచ్చింది, అదీ హమానో చేతుల మీదుగా. మనం ఉద్యోగాల్లో రోజూ వాడే గిట్‌ని ఇరవై ఏళ్లుగా పెంచి పోషించింది ఆయన, ఆయన చుట్టూ ఉన్న టీమే. సర్వర్ల మీద జావాస్క్రిప్ట్ నడిపే నోడ్ జేఎస్‌ని మొదలుపెట్టిన రయన్ డాల్ 2012 జనవరిలో పగ్గాలు ఐజాక్ ష్లూటర్‌కి ఇచ్చారు. పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ జాంగోలో చివరి మాట చెప్పే ఇద్దరూ 2014 జనవరిలో ఆ హోదా వదులుకున్నారు. వీటిలో ఏదీ ఆగిపోలేదు.

అయితే ఎవరు వెళ్లినా ఏమీ కాదులే అనుకోవడానికీ లేదు. నేను ప్రాజెక్టు ఆరోగ్యం చూసేటప్పుడు స్టార్లు, డౌన్‌లోడ్లు పట్టించుకోను. ఒక్కటే అడుగుతాను: పోయిన రిలీజ్‌ని మీరు కాకుండా ఇంకెవరైనా చేశారా? కోడ్ రాసేవాళ్లు పదిమంది ఉండొచ్చు, కానీ వెర్షన్ నంబరు మార్చి, ట్యాగ్ వేసి, ప్యాకేజీ అప్‌లోడ్ చేసే మనిషి ఒక్కరే అయితే ఆ ప్రాజెక్టు ఆ ఒక్కరి ఊపిరి మీద నడుస్తున్నట్టే. విమ్ ఎడిటర్‌కి 1991 నుంచి బ్రామ్ మోలెనార్ అలాంటి మనిషి. 2023 ఆగస్టు 3న ఆయన చనిపోయారు. క్రిస్టియన్ బ్రాబాంట్‌తో పాటు చాలాకాలంగా పనిచేస్తున్నవాళ్లు ముందుకొచ్చి నిలబెట్టారు, 2024 జనవరి 2న వచ్చిన 9.1 వెర్షన్‌ని ఆయనకే అంకితమిచ్చారు. ఆ మనుషులు అప్పటికే అక్కడ పనిచేస్తున్నారు కాబట్టి అది సాధ్యమైంది. మీరు దిగిపోవాలనుకున్నా, అనుకోకపోయినా, వచ్చే రిలీజ్ ఇంకొకరితో చేయించండి. మీరు పక్కన కూర్చుని చూడండి, కీబోర్డు మాత్రం ముట్టుకోకండి.

అపోహ: వారసుణ్ణి చూపించాకే దిగాలి

అన్నిటికంటే ఎక్కువ మందిని కట్టిపడేసేది ఇదే. ఎక్కువ నష్టం చేసింది కూడా ఇదే అని నా నమ్మకం.

2018 జులై 12న పైథాన్ సృష్టికర్త గైడో వాన్ రోసమ్ ఆ ప్రాజెక్టు కోర్ డెవలపర్లకు, అంటే కోడ్ చేర్చే అధికారం ఉన్నవాళ్లకు, ఒక ఉత్తరం రాశారు. పెప్ 572 (పైథాన్‌లో మార్పుల్ని ప్రతిపాదించే పత్రాల్ని పెప్ అంటారు) మీద, అంటే వాల్‌రస్ ఆపరేటర్ అని మనం పిలుచుకునే దాని మీద, నెలల తరబడి గొడవ నడిచి అప్పుడే ముగిసింది. ఇక మీదట ఒక ప్రతిపాదన కోసం ఇంత పోరాడే ఓపిక తనకు లేదని, నిర్ణయాలు తీసుకునే స్థానం నుంచి తప్పుకుంటున్నానని చెప్పారు. వారసుణ్ణి నియమించబోనని కూడా అందులోనే తేల్చేశారు. అందరికీ గుర్తుండిపోయింది ఈ మాటే. నాకు మాత్రం ఆ తర్వాతి భాగమే విలువైనదిగా కనిపిస్తుంది. రోజువారీ ఇష్యూలు (ఫిర్యాదులు, సూచనలు), మెర్జ్‌ల (మార్పులు చేర్చడం) గురించి తనకు బెంగ లేదని, అవి తన ప్రమేయం లేకుండానే నడుస్తున్నాయని రాశారు. తేలాల్సినవి రెండే అన్నారు: పెప్‌ల మీద నిర్ణయం ఎవరు తీసుకోవాలి, కొత్త కోర్ డెవలపర్లను ఎలా చేర్చుకోవాలి. అంటే తను లేచి వెళ్తే ఖాళీ అయ్యే చోటు సరిగ్గా ఎక్కడుందో వేలు పెట్టి చూపించారు. పేరు చెప్పడం కన్నా ఇది చాలా పెద్ద సాయం.

ఆ తర్వాత జరిగింది పైథాన్ వాళ్లకు తేలికేం కాదు. పాలన ఎలా ఉండాలన్న దాని మీద పెప్ 8010 నుంచి 8016 వరకు ఏడు ప్రతిపాదనలు వచ్చాయి, డిసెంబరులో ఓటింగ్ జరిగి 8016 గెలిచింది, 2019 ఫిబ్రవరికి ఐదుగురు సభ్యుల స్టీరింగ్ కౌన్సిల్ ఎన్నికైంది. ఒకే కంపెనీలో పనిచేసేవాళ్లు ఇద్దరికి మించి ఉండకూడదన్న నియమం కూడా పెట్టుకున్నారు. గైడో తనే మొదట రాసిచ్చినా ఇంత మంచి ఏర్పాటు వచ్చేది కాదేమో. కోర్ డెవలపర్లు కలిసి చర్చించి ఓటేసి తేల్చుకున్నారు కాబట్టే దానికి ఆ గౌరవం.

ఇప్పుడు రెండో వైపు. ఎవరో ఒకరికి అప్పగించాలన్న తొందరలో ఏమవుతుందో కూడా 2018లోనే చూశాం. జావాస్క్రిప్ట్ ప్యాకేజీలుండే ఎన్‌పీఎంలో ఈవెంట్-స్ట్రీమ్ అనే ప్యాకేజీ మీద దాని రచయితకు ఆసక్తి పోయి చాలాకాలమైంది. నేను చూసుకుంటానని పరిచయం లేని వ్యక్తి మెయిల్ చేస్తే ఇచ్చేశారు. ఆ కొత్త వ్యక్తి ఫ్లాట్‌మ్యాప్-స్ట్రీమ్ అనే ఇంకో ప్యాకేజీని అందులోకి తెచ్చాడు. దాని కడుపులో కోపే అనే బిట్‌కాయిన్ వాలెట్ నుంచి డబ్బు కొట్టేసే కోడ్ ఉంది. అది బయటపడింది 2018 నవంబరులో.

ఎక్స్‌జెడ్ కథ దీనికంటే లోతైనది, దాన్ని ప్రతి మెయింటైనర్ తెలుసుకోవాలి. లాసే కొలిన్ ఏళ్ల తరబడి దాదాపు ఒంటరిగా నడిపిన కంప్రెషన్ లైబ్రరీ అది. 2021 నుంచి జియా టాన్ అనే పేరుతో ఒకరు మంచి ప్యాచ్‌లు పంపడం మొదలుపెట్టారు. 2022లో వేరే వేరే పేర్లతో కొందరు వచ్చి, ప్యాచ్‌లు ఆలస్యమవుతున్నాయి, ఓపిక లేకపోతే ఇంకొకరికి ఇచ్చెయ్యొచ్చు కదా అని పదే పదే పొడిచారు. మానసిక ఆరోగ్యం బాగాలేదని, ఇది జీతం లేని హాబీ ప్రాజెక్టని ఆయన ఓపిగ్గా జవాబిచ్చారు. చివరికి జియా టాన్‌కి అధికారాలు వచ్చాయి. 5.6.0, 5.6.1 వెర్షన్లలో బ్యాక్‌డోర్, అంటే రహస్య దొంగదారి, దూరింది. దాన్ని నడిపించే కీలకమైన ముక్క అందరూ చూసే గిట్ రిపోలో (కోడ్ ఉండే చోటు) లేదు, దించుకునే రిలీజ్ టార్ ఫైల్లో మాత్రమే పెట్టారు. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ ప్రకటించేదాకా ఎవరికీ తెలియదు. ఆయనకు అనుమానం వచ్చింది ఎస్‌ఎస్‌హెచ్ (దూరపు కంప్యూటర్‌లోకి వెళ్లే పద్ధతి) లాగిన్‌కి దాదాపు అర సెకను ఎక్కువ పడుతుండటం చూసి.

ఇందులో కొలిన్‌ని తప్పుపట్టేవాళ్లతో నేను ఎప్పుడూ గట్టిగానే వాదిస్తాను. అలసిపోయిన మనిషిని కొందరు పథకం ప్రకారం ఒత్తిడి చేసి పగ్గాలు లాక్కున్నారు. దాని మీద వ్యాపారం చేసుకున్న కంపెనీల్లో ఒక్కటైనా అంతకుముందే ఒక ఇంజనీర్‌ని వారానికి ఒక పూట ఇచ్చి ఉంటే ఆయన ఆ స్థితికి వచ్చేవారే కాదు.

కాబట్టి నమ్మకమైన వాళ్లు దొరక్కపోతే ఎవరికీ ఇవ్వకండి. రిపోని ఆర్కైవ్ చేయండి, అంటే చదవడానికి మాత్రమే ఉంచండి. కావాల్సినవాళ్లు తమ పేరుతో ఫోర్క్ (వేరు కాపీ) చేసుకుంటారు, వాడేవాళ్లు ఆ కొత్త పేరుని నమ్మాలో లేదో చూసి నిర్ణయించుకుంటారు. మీ పేరు మీదున్న నమ్మకాన్ని మాత్రం ముక్కూ మొహం తెలియని మనిషి చేతిలో పెట్టకండి.

అపోహ: జీతం లేదు, ఒప్పందం లేదు, చెప్పాపెట్టకుండా మానేస్తే తప్పేంటి?

చట్టం ప్రకారం తప్పు లేదు. ఎంఐటీ లైసెన్స్‌లోనే ఉంది, ఉన్నది ఉన్నట్టుగా ఇస్తున్నాం, ఏ హామీ లేదు అని. మీరు ఎవరికీ కోడ్ బాకీ లేరు, ఈ మాట మీద ఎవరు ఎంత దబాయించినా వెనక్కి తగ్గకండి. కానీ ఒక్క వాక్యం బాకీ ఉన్నారు: "నేను ఇక దీన్ని చూడట్లేదు" అని.

ఆ ఒక్క వాక్యం లేకపోతే ఏమవుతుందో చెప్తాను. సెక్యూరిటీ సమస్య కనిపెట్టినవాళ్లు మీకు మెయిల్ పెట్టి జవాబు కోసం కూర్చుంటారు. సాయం చేయాలనుకున్న కుర్రాడు ప్యాచ్ పంపి, నెలలు చూసి, నిరాశపడి వెళ్లిపోతాడు. అనువాద టీముల్లో ఇది మరీ బాధాకరం. గ్నోమ్ అనే లైనక్స్ డెస్క్‌టాప్ లాంటి చోట ప్రతి భాషకీ ఒక కోఆర్డినేటర్ ఉంటారు. అనువాదం చేసినవాళ్లు ఫైల్ పెడతారు, సరిచూసేవాళ్లు చూస్తారు, కమిట్ అధికారం ఉన్నవాళ్లు చేర్చాలి. ఆ చివరి మనిషి పేరు అలాగే ఉండి, మనిషి లేకపోతే కష్టపడి చేసిన తెలుగు వరుసలో నిలిచిపోతుంది. కుర్చీ ఖాళీగా ఉందని తెలిస్తే ఎవరో ఒకరు అడుగుతారు. ఖాళీగా ఉన్నట్టు కనబడని కుర్చీతోనే చిక్కు.

లైనక్స్ ఆధారిత ఆపరేటింగ్ సిస్టమ్ డెబియన్ వాళ్లు దీనికి చక్కని దారి ఏర్పాటు చేసుకున్నారు. ప్యాకేజీ భారం తలకు మించుతుంటే ముందు ఆర్‌ఎఫ్‌హెచ్ అని ఒక బగ్ పెడతారు: సాయం కావాలి, నేనింకా ఉన్నాను. తర్వాతి మెట్టు ఆర్‌ఎఫ్‌ఏ: దీన్ని ఎవరైనా దత్తత తీసుకోండి, దొరికేదాకా చూస్తుంటాను. ఆఖరిది ఓ, అంటే అనాథ: నేను వదిలేశాను. అప్పుడు మెయింటైనర్ పేరున్న చోట క్యూఏ (నాణ్యత చూసే) గ్రూప్ పేరు వస్తుంది. తీసుకోవాలనుకున్నవాళ్లు ఐటీఏ అని చెప్పి తీసుకుంటారు. ఎవరూ క్షమాపణలు రాయరు, కారణాలు అడగరు. లైనక్స్ కెర్నల్‌లోనూ మెయింటైనర్స్ ఫైల్లో ప్రతి భాగానికి ఒక స్టేటస్ ఉంటుంది: ఎవరో జీతం మీద చూస్తున్నారా, మామూలుగా చూస్తున్నారా, అప్పుడప్పుడు మాత్రమే సరిచేస్తారా, అనాథా. మీ ప్రాజెక్టు పరిచయ ఫైల్ రీడ్‌మీ పైన కూడా ఇలాంటి ఒక్క లైను పెట్టొచ్చు. "అప్పుడప్పుడు మాత్రమే చూస్తాను" అని నిజాయితీగా రాసుకున్న ప్రాజెక్టు, యాక్టివ్ అని రాసుకుని ఏడాదిగా జవాబివ్వని ప్రాజెక్టు కన్నా వందరెట్లు నయం.

అపోహ: కమిట్ యాక్సెస్ ఇచ్చేస్తే అప్పగింత అయిపోయినట్టే

ఇల్లు అలకగానే పండగ కాదు. నేను ఒక లైబ్రరీ అందుకున్నప్పుడు రిపో అధికారం నిమిషంలో వచ్చింది. తర్వాత ఒక్కొక్కటే బయటపడ్డాయి. డాక్యుమెంటేషన్ సైట్ డొమైన్ పాత మెయింటైనర్ సొంత కార్డు మీద ఏటా రెన్యువల్ అవుతోంది. సెక్యూరిటీ ఫిర్యాదులకు ఇచ్చిన మెయిల్ ఐడీ ఆయన వ్యక్తిగత ఇన్‌బాక్స్‌కి వెళ్తోంది. ఆటోమేటిక్ రిలీజ్‌లు చేసే టోకెన్ ఆయన అకౌంట్‌ది, దాని గడువు తీరిన రోజున ఉన్నట్టుండి రిలీజ్ ఆగింది. ఆయన మంచి మనిషి, అడిగినప్పుడల్లా సాయం చేశారు. చేయలేని పరిస్థితి వచ్చి ఉంటే మాత్రం మేం గోడకు తల కొట్టుకోవాల్సి వచ్చేది.

పైథాన్ ప్యాకేజీలు పెట్టే పైపీఐలో ఓనర్, మెయింటైనర్ అని రెండు పాత్రలుంటాయి. మెయింటైనర్ కొత్త వెర్షన్లు పెట్టగలరు, కానీ ఇంకొకర్ని చేర్చలేరు. చాలామంది కొత్తవాళ్లకు మెయింటైనర్ పాత్ర ఇచ్చి పనైపోయిందనుకుంటారు. 2024 నుంచి అక్కడ రెండంచెల ధ్రువీకరణ తప్పనిసరి, కాబట్టి పాస్‌వర్డ్ చేతిలో పెట్టి వెళ్లిపోయే పాత అలవాటు ఎలాగూ చెల్లదు. ఓనర్లు కనీసం ఇద్దరుండాలి. వదిలేసిన ప్యాకేజీ పేరుని ఇంకొకరికి ఇచ్చే పద్ధతి పెప్ 541లో ఉంది గానీ, ఆ దారిలో వెళ్లాల్సిన అవసరం రానీయకపోవడమే మంచిది.

కోడ్‌లో కనబడనివి కూడా రాసిపెట్టండి. ఫలానా ఫీచర్ ఎందుకు వద్దన్నారు, ఏ కంపెనీ ఏ పాత వెర్షన్ మీద ఆధారపడి ఉంది, ఏ టెస్ట్ అప్పుడప్పుడు కారణం లేకుండా ఫెయిలవుతుంది. రెండు పేజీలు చాలు.

అపోహ: వీడ్కోలు పోస్టులో జరిగిందంతా చెప్పేయాలి

అక్కర్లేదు. ఎవరి మీదో కోపంతో దిగుతున్నా సరే, ఏ తేదీ నుంచి, ఏ పనులు ఆపుతున్నారు, ఇక ఎవర్ని అడగాలి, ఈ మూడూ చాలు. మనసులో ఉన్నది స్నేహితులతో చెప్పుకోండి. అక్కడ వేధింపులు జరిగి ఉంటే అది వేరే విషయం, దాన్ని దాచమని నేను ఎవరికీ చెప్పను.

అపోహ: రెజ్యూమె దెబ్బతింటుంది

ఇంటర్వ్యూలు చేసే మనిషిగా చెప్తున్నాను, ప్రాజెక్టుని శుభ్రంగా అప్పగించి వచ్చానని చెప్పినవాళ్లని నేను ఎక్కువసేపు మాట్లాడిస్తాను. "2019 నుంచి 2023 దాకా మెయింటైనర్" అని తేదీలతో రాసుకోండి.

అపోహ: ఒకసారి దిగితే తిరిగి రాకూడదు, లేదా దిగినా ఓ కన్నేసి ఉంచాలి

ఇవి రెండూ కలిపే వినిపిస్తాయి. 2018 సెప్టెంబరులో టోర్వాల్డ్స్ కెర్నల్ నుంచి విరామం తీసుకున్నారు, తన మాటతీరు మార్చుకోవడానికి సాయం తీసుకుంటానని చెప్పి మరీ. 4.19 వెర్షన్ని గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ విడుదల చేశారు, అక్టోబరులో టోర్వాల్డ్స్ తిరిగొచ్చారు. కాబట్టి పూర్తిగా కాడి కింద పడేసే ముందు రెండు నెలలు పక్కన కూర్చుని చూడటం కూడా ఒక దారే. గైడో మొదటి స్టీరింగ్ కౌన్సిల్‌లో ఐదుగురిలో ఒకరిగా ఉన్నారు, తర్వాతి ఎన్నికకు తప్పుకున్నారు, ఆపైన మైక్రోసాఫ్ట్‌లో చేరి పైథాన్ వేగం పెంచే పని చేశారు. నాయకత్వం వదిలారు, కోడ్ వదల్లేదు.

కన్నేసి ఉంచడం మాత్రం వేరు. కొత్త మెయింటైనర్ ఒక పుల్ రిక్వెస్ట్ మెర్జ్ చేయగానే కింద పాత మెయింటైనర్ కామెంట్ వస్తే, వాడుకరులు ఆ కామెంట్‌నే చివరి మాటగా తీసుకుంటారు. అందుకే దిగిన రోజే మీ మెర్జ్ అధికారం మీరే తీసేయండి, అడిగితేనే మాట్లాడండి, మొదటి ఆరు నెలలు అడిగినా ప్రైవేటుగా చెప్పండి. పైథాన్ పాలన పత్రమైన పెప్ 13లో దీనికి మర్యాదైన ఏర్పాటుంది. కోర్ డెవలపర్ ఎప్పుడైనా ఇనాక్టివ్ అవ్వొచ్చు, రెండేళ్లు ఏ పనీ చేయకపోతే అలా మారమని అడుగుతారు. పేరు మాత్రం జాబితాలో మిగతావాళ్ల పక్కనే ఉంటుంది, మళ్లీ పని మొదలుపెడితే తమంతట తామే యాక్టివ్‌గా మారిపోవచ్చు.