మార్కెట్ లెక్కలో మమకారం: అపోహలు - వాస్తవాలు

నెల్లూరులో చిన్న యూనిట్లకు బ్యాంకు లోను కోసం ప్రాజెక్టు రిపోర్టులు రాయడం నా పని. పిండిమరైనా, నీళ్ళ ప్లాంటైనా, చికెన్ పచ్చడైనా, నా దగ్గరికొచ్చేసరికే పేరు పెట్టేసుంటారు, బోర్డు డిజైను ఫోన్లో ఉంటుంది. ఎంతమంది కొంటారన్నది మాత్రం నన్ను రాసిపెట్టమంటారు. బారసాల అయ్యాక జాతకం చూపించినట్టు.

అపోహ: ఊళ్ళో ఒక్క శాతం కొన్నా చాలు.

వాస్తవం: నేను ఎక్కువగా వినే మాట ఇదే. ఒకతను దోసెల పిండి ప్యాకెట్ల ఆలోచనతో వచ్చాడు. కవరు మీద వాళ్ళమ్మ ఫోటో. "లక్షన్నర ఇళ్ళనుకో అన్నా, ఒక్క శాతమంటే రోజుకి 1,500 ప్యాకెట్లు" అన్నాడు. ఆ ఒక్క శాతం ఏ అంగట్లో కొంటారబ్బయ్యా అంటే జవాబు లేదు. సరేనని మర్నాడు పొద్దున ఐదున్నరకి ఇద్దరం మోపెడ్ మీద మూలాపేటలో మొదలుపెట్టాం. ఎనిమిదిన్నర తర్వాత పిండి ఎవరూ కొనరు, టిఫిన్ అయిపోతుంది. ఆలోపు 40 అంగళ్ళే తిరగ్గలిగాం. పాలు, పెరుగు పోగా ఫ్రిజ్‌లో కొత్త సరుక్కి ఆరు ప్యాకెట్ల చోటుంటే గొప్ప. అందులో రెండు పులిసి వెనక్కొస్తాయని అంగడి వాళ్ళే చెప్పారు. అంగడికి నాలుగు చొప్పున 160. 1,500 అమ్మాలంటే 375 అంగళ్ళు, పది మోపెడ్లు కావాలి.

"మా అమ్మ పిండి అంత తొందరగా పులవదన్నా" అన్నాడు. ఎండాకాలంలో ఎవరమ్మ పిండైనా పులుస్తుంది. ఆయనకది తెలియక కాదు.

అపోహ: తిన్నవాళ్ళంతా బాగుందన్నారు, గిరాకీ ఉన్నట్టే.

వాస్తవం: ఊరికే పెడితే బాగాలేదని ఏ పిన్ని అంటుంది? "కొంటారా" అని అడగొద్దు. "మొన్న ఆదివారం పిండి ఎక్కడ కొన్నారు, ఎంతకి?" అనడగండి. సగం ఇళ్ళలో గ్రైండర్ చూపిస్తారు.

అపోహ: మన సరుకు విలువ మనకే బాగా తెలుసు.

వాస్తవం: మనకే తెలియదు. కానమన్, నెట్ష్, థేలర్ అనే ముగ్గురు పరిశోధకులు 1990లో అచ్చువేసిన ప్రయోగం ఒకటుంది. కొందరు విద్యార్థులకు కాఫీ మగ్గులు ఊరికే ఇచ్చి, ఎంతకి అమ్ముతారని అడిగారు. వాళ్ళు చెప్పిన ధర సుమారు 7 డాలర్లు. మగ్గు లేనివాళ్ళు కొంటామన్నది 3 డాలర్ల లోపే. కాసేపు చేతిలో ఉన్న మగ్గుకే అంత మమకారం పుడితే, మూడేళ్ళు మనసులో పెంచుకున్న వ్యాపారం సంగతి చెప్పాలా? అందుకే రిపోర్టులో అమ్మకపు ధర గడి నేను ఓనరుతో నింపించను.

అపోహ: సెన్సస్ అంకె వేస్తే లెక్క గట్టిది.

వాస్తవం: ప్రకాశం జిల్లా అనగానే 33.97 లక్షలని వేసేస్తారు. అది 2011 నాటి ఉమ్మడి జిల్లా జనాభా. 2022 ఏప్రిల్ 4న చీరాల, పర్చూరు బాపట్ల జిల్లాలో కలిశాయి. చీరాల జనాన్ని కూడా ఒంగోలు అంగడి ఖాతాలో వేసిన రిపోర్టు ఒకటి నేనే రాశాను. ఎవరూ పట్టుకోలేదు, అది వేరే సంగతి.

అపోహ: బ్యాంకు లోనిచ్చిందంటే మార్కెట్ ఉన్నట్టే.

వాస్తవం: రిపోర్టుల్లో మొదటి ఏడు 60 శాతం, రెండో ఏడు 70, మూడో ఏడు 80 అని కనిపించేది మిషన్ ఎంత నడుస్తుందన్న అంచనా. సరుకు ఎవరు కొంటారన్న లెక్క కాదు. బ్యాంకు చూసేది కిస్తీ కట్టగలరా అని.

అపోహ: రొట్టెల పండక్కి వచ్చే జనం చాలు.

వాస్తవం: ఆ జనం స్వర్ణాల చెరువు దగ్గర వ్యాపార రొట్టె, అంటే వ్యాపారం బాగుండాలని మొక్కుకుని తీసుకునే రొట్టె, పట్టుకుని ఊరికెళ్ళిపోతారు. మీ అద్దె పన్నెండు నెలలది.

అపోహ: మమకారం వదలడమంటే ఆశ వదులుకోవడం.

వాస్తవం: దర్గామిట్టలో నాకో జిరాక్స్ షాపుండేది. నష్టమని ఆరో నెలకే తెలిసింది, రెండేళ్ళు నడిపాను. బోర్డు మీద మా నాన్న పేరుంది మరి. ఇప్పుడెవరొచ్చినా లెక్క మొదలుపెట్టకముందే ఒక కాగితం మీద రాయిస్తాను: రోజు అమ్మకం ఎన్నిటికి తగ్గితే ఆపేస్తారు? రాసిన కాగితం వాళ్ళ దగ్గర ఉంచను. పిండాయన 120 అని రాసి, వాళ్ళావిడ చేతికిచ్చాడు. అమ్మకిమ్మంటే ఒప్పుకోలేదు.